సేల్స్‌ఫోర్స్ తాళం మార్చింది.. మన పోరగాళ్ల చేతుల ఇంకా పాత చెవే

యాదికున్నదా? 2024 జులై 1 నాడు తెలంగాణల కరెంటు బిల్లు కట్టెతందుకు ఫోన్‌పే తీసినా, గూగుల్ పే తీసినా, పేటీఎం తీసినా పని కాలేదు. రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం ఇగ మా వెబ్‌సైట్ల, మా యాప్‌లనే కట్టుండ్రి అని డిస్కమోళ్లు చెప్పిన్రు. తర్వాత డిస్కంలు భారత్ బిల్ పేమెంట్ సిస్టంల చేరినంక మల్ల ఎప్పటిలెక్క కట్టుడు షురూ అయింది. నడుమల ఏం జరిగినట్టు? నీ ఫోన్ ఖరాబ్ కాలె. నీ బ్యాంకుల పైసలు పోలె. మీటరు తిరుగుడు ఆగలె. ఆ యాప్‌ల కంప్యూటరుకు, డిస్కం కంప్యూటరుకు నడుమ ఉన్న కిటికీ మూసుకున్నది. గంతే.

ఆ కిటికీనే ఏపీఐ అంటరు. ఒక సాఫ్ట్‌వేర్ పోయి ఇంకో సాఫ్ట్‌వేరును "ఈ సర్వీస్ నంబరు మీద బాకీ ఎంతున్నది?" అని అడిగే తొవ్వ అది. తెరిచి ఉన్నన్ని రోజులు అది ఉన్నదనే మనకు తెల్వదు. మూసిన నాడే తెలుస్తది.

ఇయ్యాల చెప్పేది గూడ గసొంటి కిటికీ ముచ్చటే, కాకపోతే ఇల్లు జర పెద్దది. దాని పేరు సేల్స్‌ఫోర్స్. మన ఊరి కిరాణం షావుకారి దగ్గర ఖాతా బుక్కు ఉంటది సూడుండ్రి. ఎవరొచ్చిన్రు, ఏం కొన్నరు, ఎంత బాకీ, ఎవరికి మల్ల ఫోన్ కొట్టాలె, అన్నీ అండ్లనే ఉంటయి. పెద్ద కంపెనీలకు గూడ గా బుక్కు కావాలె. 1999ల మార్క్ బెనియాఫ్, పార్కర్ హ్యారిస్, ఇంకో ఇద్దరు కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోల పెట్టిన ఈ కంపెనీ, ఆ బుక్కును ఇంటర్నెట్ మీద కిరాయికిచ్చుడు మొదలువెట్టింది. సాఫ్ట్‌వేర్ అంటే డబ్బాల సీడీ కొనుక్కొచ్చుకునే రోజులవి. వీళ్లు మాత్రం మీ ఖాతా మా కంప్యూటర్ల మీదనే రాసుకోండ్రి, మనిషికి ఇంతని కిరాయి కట్టుండ్రి అన్నరు. ఇప్పుడు లక్షన్నరకు పైన కంపెనీలు ఆ బుక్కులనే రాస్తున్నయి. మార్కెటింగు, అమ్మకాలు, కస్టమర్ కంప్లయింట్లు.. మొత్తం అండ్లనే.

అమెరికా కంపెనీ బుక్కుతోటి మనకేం పని అంటరా? అమీర్‌పేట మైత్రీవనం కాడ నిలవడి తల పైకెత్తి సూడుండ్రి. జావా, పైథాన్, డెవాప్స్ బోర్డుల నడుమ సేల్స్‌ఫోర్స్ బోర్డు కనవడ్తది. హైదరాబాద్ల ఆ కంపెనీకి పెద్ద ఆఫీసున్నది. దానికి పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంకా మస్తున్నయి. అండ్ల అడ్మిన్ పనికి కోడింగ్ ఎక్కువ రాకున్నా నడుస్తది అనేసరికి బీకాం, బీఎస్సీ చేసిన పిల్లలు గూడ అటే పోతున్నరు. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్‌ల కెళ్లి, అటు ఒంగోలు, కర్నూలు దిక్కుల నుంచి వచ్చి హాస్టళ్లల్ల ఉంటరు. అయ్య అప్పు తెచ్చి కట్టిన ఫీజది. కొందరు ఆ ఫీజు గూడ కట్టలేక ఊర్లనే ఉండి, రాత్రిపూట సిగ్నల్ మంచిగొచ్చే కాడ కూసోని యూట్యూబ్ సూసి నేర్చుకుంటరు.

మా సుట్టాలల్ల ఒక పిలగాడు గట్లనే నేర్చుకుంటున్నడు. మొన్న ఫోన్ కొట్టి అంటడు: "కాకా, వీడియోల చెప్పినట్టే అంత చేసిన. కొత్త కనెక్టెడ్ యాప్ పెట్టు అన్నడు. నా దాంట్ల ఆ బటనే కనవడ్తలేదు. నా ల్యాప్‌టాప్‌ల ఏమన్న లోపమున్నదా?"

ల్యాప్‌టాప్‌ల లోపం లేదు. వాడు సూసిన వీడియో ఐదారేండ్ల కిందిది. నడుమల తాళం మారింది.

ఫోన్ కాల్‌తోటి గూగుల్‌నే ముంచిన్రు

తాళం ఎందుకు మారిందో తెల్వాలంటే 2025 ఎండకాలం కాడికి పోవాలె.

మన ఊర్లల్ల ఓటీపీ మోసం అందరికి ఎర్కే. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నం, మీ ఏటీఎం కార్డు బంద్ అయితది, ఓటీపీ చెప్పుండ్రి" అని ఫోనొస్తది. పెద్దమనిషి పాపం చెప్తడు. పింఛను పైసలు మాయమైతయి. ఇంట్లోళ్లు మల్ల ఆయన్నే తిడ్తరు, "సదువుకున్నోడైతె గిట్ల మోసపోవునా" అని. సదువుకున్నోళ్ల సంగతి ఇప్పుడు సూద్దం.

2025 జూన్ల గూగుల్ సెక్యూరిటీ టీమ్ ఒక రిపోర్టు ఇడిసింది. దొంగలు పెద్ద పెద్ద కంపెనీల ఉద్యోగులకు ఫోన్లు చేస్తున్నరు, మీ కంపెనీ ఐటీ డిపార్ట్‌మెంట్ నుంచే మాట్లాడుతున్నం అంటున్నరు, సేల్స్‌ఫోర్స్‌ల ఒక పేజీ తెరిపించి ఎనిమిది అంకెల కోడ్ కొట్టిస్తున్నరు అని దాని సారం. ఆ కోడ్ కొట్టంగనే దొంగల దగ్గరున్న ప్రోగ్రాంకు కంపెనీ ఖాతా బుక్కు తెరుసుకుంటది. ఆ ప్రోగ్రాం కొత్తదేం కాదు. సేల్స్‌ఫోర్స్ వాళ్లే ఇచ్చే డేటా లోడర్ అనే పనిముట్టును జర మార్చి వాడిన్రు. డేటాను మూటలకు మూటలు ఎక్కించుడు, దించుడు దాని పని. దొంగలు దించుడు మాత్రమే చేసిన్రు.

అసలు తమాషా ఏందంటే, ఆగస్టుల గూగుల్ వాళ్లే ఒప్పుకున్నరు.. జూన్ల మా సేల్స్‌ఫోర్స్ ఖాతాల ఒకటి గూడ గట్లనే పోయింది అని. జనాలకు జాగ్రత్త చెప్పినోళ్ల ఇంట్లనే దొంగ పడ్డడు. ఇగ మన ముసలాయనను తిట్టుడు బంద్ చెయ్యాలె.

ఇండ్ల ఏ తాళమూ పగలలె, ఏ గోడకూ కన్నం పడలె. ఉద్యోగి తన చేతులతోనే దర్వాజ తీసిండు. ఇంకో మాట, అట్ల తీసే హక్కు మామూలు ఉద్యోగికి సేల్స్‌ఫోర్స్ ఇచ్చి పెట్టింది. కంపెనీ అడ్మిన్‌ను అడగకుంటనే, ఏ ఉద్యోగి అయినా బయటి యాప్‌కు "రా" అనొచ్చు. ఏండ్ల సంది అదే మామూలు సెట్టింగ్. పని అలకగ అయితది గదా అని అందరు ఊకున్నరు.

అదే ఆగస్టుల రెండో దెబ్బ పడ్డది. ఇది ఇంకా పెద్దది, కొంచెం మెల్లగ చెప్త.

వెబ్‌సైట్ తెరవంగనే మూలకు "నమస్తే, ఏం కావాలె?" అని ఒక చాట్ డబ్బా లేస్తది సూడుండ్రి. గసొంటి డబ్బాలు చేసే సాఫ్ట్‌వేర్ పేరు డ్రిఫ్ట్. అది సేల్స్‌లాఫ్ట్ అనే కంపెనీది. చాట్ల నీ పేరు, నంబరు చెప్తె అది పోయి సేల్స్‌ఫోర్స్ బుక్కుల రాసి వస్తది. రాయాలంటే లోపటికి పోవాలె. పోవాలంటే పాస్ కావాలె. ఆర్టీసీ బస్ పాస్ ఉన్నోన్ని కండక్టరు మల్ల మల్ల టికెట్ అడగడు గదా, గట్లనే టోకెన్ అని ఒకటి ఇస్తరు. టోకెన్ సూపిస్తె పాస్‌వర్డ్ అడగకుంట లోపటికి పోనిస్తది. ఎవరి చేతులున్నదో సూడదు, పాస్ నిజమైందా కాదా అనే సూస్తది.

దొంగలు సేల్స్‌ఫోర్స్ మీదికి పోలె. సేల్స్‌లాఫ్ట్ వాళ్ల గిట్‌హబ్ ఖాతాల 2025 మార్చి నుంచి జూన్ దాక తిరిగిన్రు. ఆడికెళ్లి డ్రిఫ్ట్ కాడికి పోయి, ఖాతాదారులు నమ్మి ఇచ్చిన పాసులన్ని ఒక్కకాడనే ఎత్తుకున్నరు. ఆగస్టు 8 నుంచి 18 దాక, పది రోజుల్ల, 700కు పైన సంస్థల బుక్కులు సదివి పోయిన్రు. అండ్ల క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్, పాలో ఆల్టో నెట్‌వర్క్స్ ఉన్నయి. మూడూ ఇంకొకలకు సెక్యూరిటీ అమ్ముకునే కంపెనీలే.

క్లౌడ్‌ఫ్లేర్ మాత్రం దాసుకోకుంట మంచిగ రాసింది. కస్టమర్లు కంప్లయింట్ పెట్టేటప్పుడు "మాది పని చేస్తలేదు, ఇదిగో మా తాళంచెవి, మీరే సూడుండ్రి" అని కీలు, పాస్‌వర్డులు టికెట్లనే అతికిచ్చిన్రట. గట్ల అతికిచ్చిన వాటిల్ల తమ సొంత టోకెన్లే 104 దొరికినయని, తప్పుగ వాడినట్టు కనవడకున్నా అన్నిటినీ మార్చినమని చెప్పింది. దొంగలు గూడ బుక్కు మొత్తం సదువలె. గా అతికిచ్చిన చెవుల కోసమే ఎతికిన్రు. ఒక ఇంట్ల దొరికిన చెవితోటి పక్కింటికి పోవొచ్చు గదా.

నవంబర్ల మల్ల గదే కత, ఈసారి గెయిన్‌సైట్ అనే కంపెనీ యాప్‌లతోటి. సేల్స్‌ఫోర్స్ ఆ యాప్‌ల టోకెన్లన్ని ఒక్కసారే రద్దు చేసింది. రెండుసార్లు గూడ కంపెనీ ఒకటే మాట చెప్పింది, మా ప్లాట్‌ఫాంల లోపం లేదు అని. మాటగ సూస్తె నిజమే. కాకపోతే తాళం మంచిదే, చెవులే ఎవరంటె వాళ్లకు పంచినం అనేదాన్ని ఇంటాయన ధైర్యంగ చెప్పుకోవొచ్చునా?

ఏం మారింది, ఎప్పుడు మారింది

2025 సెప్టెంబర్ నుంచి, అడ్మిన్ తన కాడ ఇన్‌స్టాల్ చెయ్యని బయటి యాప్‌ను మామూలు ఉద్యోగి "రా" అనేటందుకు లేదు. దానికి ప్రత్యేకంగ పర్మిషన్ ఉండాలె. డేటా లోడర్‌ల ఎనిమిది అంకెల కోడ్ కొట్టే పద్ధతిని తీసేసిన్రు. ఇగ 2026 స్ప్రింగ్ రిలీజ్ నుంచి కొత్త కనెక్టెడ్ యాప్ పెట్టే సౌలత్‌నే మామూలుగ బంద్ వెట్టిన్రు. దాని జాగల ఎక్స్‌టర్నల్ క్లయింట్ యాప్ అనేది వచ్చింది. మా పిలగానికి బటన్ కనవడకపోయింది గిందుకే.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపితె లోపటికి తీసుకపోయే పాత దర్వాజ ఇంకోటున్నది. సోప్ ఏపీఐల లాగిన్ అనే పిలుపు. ఇరవై ఏండ్ల సంది లెక్కలేనన్ని ప్రోగ్రాంలు దాంతోనే నడుస్తున్నయి. 65వ వెర్షన్ నుంచి దాన్ని తీసేసిన్రు. అంతకు ముందటి వెర్షన్లల్ల, అంటే 31 నుంచి 64 దాక, 2027 సమ్మర్ రిలీజ్‌తోటి బంద్ అయితది.

వెర్షన్ అంటే ఏందో గూడ ఒక్క ముక్క చెప్పుకోవాలె. సేల్స్‌ఫోర్స్ ఏడాదికి మూడుసార్లు కొత్త రిలీజ్ తెస్తది.. స్ప్రింగ్, సమ్మర్, వింటర్ అని. తెచ్చినప్పుడల్ల ఏపీఐ నంబరు ఒకటి పెరుగుతది. ఒక నంబరును తక్కువల తక్కువ మూడేండ్లు కాపాడుతం అని మాటిచ్చిన్రు. నిజానికి అంతకంటె ఎక్కువే కాపాడిన్రు. 21 నుంచి 30 దాక వెర్షన్లు 2011 నుంచి 2014 నడుమ వచ్చినయి. వాటిని 2023లనే తీస్తం అన్నరు, గడువు పెంచిన్రు, ఆఖరికి 2025 జూన్ల తీసేసిన్రు. ఇప్పుడు పాత ప్రోగ్రాం పోయి ఆ కిటికీ కొడితె 410 అనే నంబరు జవాబుగ వస్తది. "పోయింది, మల్ల రాదు" అని దానర్థం.

ఈ మార్పులు తప్పు అని నేను అనను. ఇంకా ముందే రావాలె. హబ్‌స్పాట్ అనే కంపెనీ గూడ ఇదే మార్కెటింగ్, సేల్స్ సాఫ్ట్‌వేర్ చేస్తది. ఒక్క పొడుగు కీ ఉంటె ఖాతా మొత్తం తెరుసుకునే పద్ధతిని అది 2022 నవంబర్ 30 నాడే బంద్ చేసింది. ఏ యాప్‌కు ఎంత అవసరమో అంతే ఇచ్చే పద్ధతికి మారింది. సేల్స్‌ఫోర్స్ దొంగలు పడ్డంక మేల్కొన్నది.

నాకు బాధ ఏందంటే, తాళం మార్చే ఖర్చు ఎవరి మీద పడ్తది? పెద్ద కంపెనీకి ఇంజినీర్లున్నరు, మార్చుకుంటది. పన్నెండేండ్ల కింద ఎవరో రాసిపెట్టి పోయిన ప్రోగ్రాం మీద నడిచే చిన్న కంపెనీ, 410 వచ్చినంకనే లేస్తది. ఇగ పాత పాఠం నేర్చుకోని ఇంటర్వ్యూకు పోయే మన పిల్లలకు తాళం మారిందని చెప్పేటోడే లేడు. సిలబస్ కాయితం మీద ఏ సంవత్సరం సదువు చెప్తున్నరో ఎవ్వరు రాయరు.

కంచె గూడ తాళం లెక్కనే కనవడ్తది

ఇప్పటిదాక చెప్పింది దొంగల కోసం ఏసిన తాళం. ఇప్పుడు చెప్పేది వేరే.

స్లాక్ అని ఆఫీసోళ్లు మాట్లాడుకునే యాప్ ఉన్నది. మన వాట్సాప్ గ్రూపులు ఎట్లనో అది అట్ల. సేల్స్‌ఫోర్స్ దాన్ని 2021ల 2,770 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. 2025 మే 29 నాడు దాని ఏపీఐ రూల్స్ మార్చిన్రు. తన మార్కెట్‌ప్లేస్‌ల లేకుంట బయట అమ్ముకునే యాప్‌లు ఇగ నిమిషానికి ఒక్కసారే అడగాలె, అడిగినప్పుడు 15 మెసేజ్‌లే ఇస్తం అన్నరు. అంతకు ముందు నిమిషానికి 50 సార్లు అడగొచ్చు, ఒక్కోసారి వెయ్యి దాక తీసుకోవొచ్చు.

లెక్క కట్టుండ్రి. ఒక గ్రూపుల 15 వేల మెసేజ్‌లున్నయనుకుందం. పాత రూలుతోటి ఒక్క నిమిషం గూడ పట్టది. కొత్త రూలుతోటి వెయ్యి నిమిషాలు, అంటే పదహారు గంటలకు పైన. నాగార్జునసాగర్ ఎడమ కాలువ గేటు ఎత్తి, మీ తూముకు మాత్రం గ్లాసుతోటి పోస్తం అన్నట్టున్నది.

డేటా భద్రత కోసమే చేసినం అని కంపెనీ చెప్పింది. కంపెనీలు సొంతానికి రాసుకున్న యాప్‌లను, తన మార్కెట్‌ప్లేస్‌ల ఒప్పుకున్న యాప్‌లను మినహాయించింది గూడ. అది చెప్పకపోతె అన్యాయమైతది. కాని ఈ దెబ్బ ఎవరికి తాకిందో సూడుండ్రి. గ్లీన్ లాంటి ఏఐ కంపెనీలకు. వాళ్లు ఆఫీసుల ఉన్న మెసేజ్‌లు, ఫైళ్లు అన్నీ సదివి, "ఫలానా కస్టమర్ సంగతి ఏడిదాక వచ్చింది?" అని అడిగితె జవాబు చెప్తరు. సేల్స్‌ఫోర్స్ గూడ అదే వ్యాపారం చేస్తున్నది. 2024ల ఏజెంట్‌ఫోర్స్ అని తెచ్చింది, ఒక్కో సంభాషణకు 2 డాలర్లని మొదట్ల ధర పెట్టింది. పక్క దుకాణపాయనకు నీళ్లు బంద్ చేసి, నా దుకాణంల చాయ్ దొరుకుతది అన్నట్టు లేదా? దొంగల కోసం తాళం ఏస్తె నేను దండం పెడ్త. పోటీదారు కోసం కంచె ఏసి దానికి తాళం అని పేరు పెడితె మాత్రం ఒప్పుకోను.

ఆ మెసేజ్‌లు రాసింది స్లాక్ కాదు. కిరాయి కట్టే కంపెనీల ఉద్యోగులు రాసుకున్నరు. షావుకారి బుక్కు షావుకారిదే గాని, బుక్కు పెట్టిన అర్రకు కిరాయి తీసుకునేటోనిది కాదు గదా.

ఈ ప్రశ్న యూరప్‌ల చట్టం దాక పోయింది. అక్కడ డేటా యాక్ట్ 2025 సెప్టెంబర్ 12 నుంచి అమలుల ఉన్నది. క్లౌడ్ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఖాతాదారు తన డేటా పట్టుకోని పోతా అంటే అడ్డం పడొద్దు. అట్ల మారెతందుకు తీసుకునే చార్జీలు 2027 జనవరి 12 నుంచి పూర్తిగ బంద్. మన కాడ 2023ల డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయి. 2019 బిల్లుల, నా డేటా నాకు మూట కట్టి ఇయ్యి, నేను ఇంకోకాడికి పోత అనే హక్కు రాసిన్రు. చట్టం అయ్యేసరికి ఆ హక్కు మాయమైంది. ఢిల్లీల దాని మీద ఎంత మంది కొట్లాడిన్రో గాని, మన ఊర్లల్లయితె ఆ ముచ్చటే రాలె.

గిదంత పెద్ద కంపెనీల పంచాయితీ అనుకోవొద్దు. ఆంధ్రప్రదేశ్‌ల 2025 జనవరి 30 నాడు 161 సేవలతోటి మన మిత్ర అని వాట్సాప్ల సర్కారు సేవలు మొదలువెట్టిన్రు. సర్టిఫికెట్‌కు ఆఫీసు చుట్టు తిరుగుడు తప్పింది, మంచి పని. కాని అది నడిచేది మెటా కంపెనీ ఇచ్చే వాట్సాప్ బిజినెస్ ఏపీఐ మీద. 2025 జులై 1 నుంచి మెటా దాని రేట్ల పద్ధతి మార్చింది, ఒక్కో టెంప్లేట్ మెసేజ్‌కు ఇంత అని. ఏఐ చాట్‌బాట్‌నే అసలు సరుకుగ అమ్ముకునే కంపెనీలు 2026 జనవరి 15 నుంచి ఆ ఏపీఐ వాడొద్దు అన్నది. కస్టమర్ సేవకు బాట్ పెట్టుకునేటోళ్లకు ఆ రూలు తాకది. ఇయ్యాలైతె తాకది. కిటికీ మాత్రం మెటాదే.

మనోళ్ల సాఫ్ట్‌వేర్ వాడితె పోదా అని అడుగుతరు. జోహో ఉన్నది, తెన్‌కాశి దగ్గర పల్లెల ఆఫీసు పెట్టి ఊరి పిల్లలకు కొలువులిస్తున్నది, నాకు గూడ ఇష్టమే. కాని జోహో సీఆర్‌ఎం ఏపీఐల గూడ ఇన్ని క్రెడిట్లు అని రోజుకింత లెక్క ఉంటది. కిటికీ ఎవరిదైనా పక్కన ఒక మీటరు తిరుగుతనే ఉంటది. మీటరు తిరుగుడు తప్పు కాదు. అది అందరికి ఒక్కతీరుగ తిరుగుతున్నదా లేదా అనేదే అడగాలె.

మరి నేర్చుకునేటోళ్లు ఏం జెయ్యాలె?

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఒక సంగతి దాసకుంట చెప్త. 2025ల మార్క్ బెనియాఫ్ ఒక పాడ్‌కాస్ట్‌ల మాట్లాడుకుంట, ఏఐ వచ్చినంక మా సపోర్టు విభాగంల మనుషులను 9 వేల నుంచి 5 వేలకు తగ్గించినం అన్నడు. ఆ సపోర్టు పని, టికెట్ సూసి జవాబు చెప్పే పని, మన పిల్లలు మొదటి కొలువుగ ఎక్కే మెట్టు. ఆ మెట్టే ఇరుగుతున్నది. సేల్స్‌ఫోర్స్ నేర్చుకుంటె కొలువు గ్యారంటీ అనే బోర్డును గిప్పుడు నమ్మితె అయ్య చేసిన అప్పు మీద మిత్తే మిగులుతది.

కాని తాళాలు మారినప్పుడు తాళాలు మార్చేటోళ్లకు పని దొరుకుతది. ఇది ఊకె ధైర్యం చెప్పే మాట కాదు. 2027 సమ్మర్‌కు పాత లాగిన్ దర్వాజ మూస్తరు. ఆ లోపల ప్రతి కంపెనీ తన కాడ ఏ ప్రోగ్రాం పాత దర్వాజల కెళ్లి పోతున్నదో ఎతకాలె, ఒక్కొక్కటి కొత్త పద్ధతికి మార్చాలె. ఎవరికి ఏ పాస్ ఇచ్చినమో లెక్క తీయాలె, అక్కెర లేనివి రద్దు చెయ్యాలె. డ్రిఫ్ట్ దెబ్బ తర్వాత ఈ పనికి విలువ పెరిగింది. దీనికి ఓఆథ్ అంటే ఏందో, టోకెన్ ఎన్ని గంటలు ఉంటదో, ఎక్స్‌టర్నల్ క్లయింట్ యాప్‌ల ఎవరికి ఎంత హక్కు ఇయ్యాలెనో తెలిసి ఉండాలె. ఎంత ఇంగ్లిష్ వచ్చు అనేదానికంటె ఇది ముఖ్యం, నా లెక్కల.

ఫీజు కట్టక ముందే ఇన్‌స్టిట్యూట్ల కూసోని ఒక్క ప్రశ్న అడగుండ్రి: మీరు కనెక్టెడ్ యాప్ చెప్తరా, ఎక్స్‌టర్నల్ క్లయింట్ యాప్ చెప్తరా? జవాబు చెప్పే మొఖం సూస్తెనే తెలుస్తది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తోటి టోకెన్ తీసుకునే పద్ధతిని ఇంకా మొదటి పాఠంగ చెప్తున్నరంటె లేసి రాండ్రి. 2023 సమ్మర్ తర్వాత పెట్టిన కొత్త ఖాతాలల్ల అది మామూలుగనే బంద్ ఉంటది. యూట్యూబ్ వీడియో సూసే ముందు కింద తారీఖు సూడుండ్రి. తెలుగుల మంచిగ చెప్పిన వీడియోలున్నయి, చెప్పినోళ్ల తప్పు గూడ లేదు, పాతగయినయి అంతే.

పైసలు లేనోళ్లకు గూడ తొవ్వ ఉన్నది. ట్రెయిల్‌హెడ్ అని సేల్స్‌ఫోర్స్ వాళ్లదే ఫ్రీ సదువు ఉన్నది, 2014 సంది నడుస్తున్నది. డెవలపర్ ఎడిషన్ అని ఫ్రీ ఖాతా ఇస్తరు, రోజుకు 15 వేల ఏపీఐ పిలుపులు దాంట్ల చేసుకోవొచ్చు. నేర్చుకునేటోనికి అది మస్తు. ఏడాదికి మూడుసార్లు వచ్చే రిలీజ్ నోట్స్ ఇంగ్లిష్ల ఉంటయి, మొత్తం సదువుడు ఎవరితోటి కాదు. ఏపీఐ అని ఉన్న భాగం ఒక్కటి సదివినా సాలు. సమజ్ కాకపోతె ఫోన్ల తెలుగుకు మార్చుకోని సదువుండ్రి, సిగ్గేం లేదు. ఇంకో మాట, మీ ప్రాక్టీస్ ఖాతా కీలను వాట్సాప్ గ్రూపుల పెట్టి "అన్నా జర సూడు" అని అడుగుడు ఇయ్యాల్టి నుంచే మానుండ్రి. ఆ అలవాటుతోనే ఆఫీసుకు పోతె, రేపు టికెట్ల కంపెనీ కీ అతికిస్తరు.

మా పిలగానికి గీ ముచ్చటంత ఫోన్లనే చెప్పిన. రెండు రోజులు అలిగిండు, "ఇన్ని నెల్లు సూసింది దండుగేనా కాకా" అని. దండుగ కాదు, పాత తాళం ఎట్లుంటదో తెలిసినోడే దాన్ని ఊడదీయగలుగుతడు అన్న. మొన్న ఐతారం మల్ల ఫోన్ కొట్టిండు. ఎక్స్‌టర్నల్ క్లయింట్ యాప్ పెట్టిండట, టోకెన్ వచ్చిందట. ఇప్పుడు లాగిన్ హిస్టరీల ఏ ప్రోగ్రాం ఏ ఏపీఐ తోటి వచ్చిందో కనవడే గడి ఒకటి ఉన్నదని చూపిస్తె, దాన్ని వట్టి పాత లాగిన్లను ఎట్ల ఎతకాలెనో రాసుకుంటున్నడు. వచ్చే నెల హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ ఉన్నదన్నడు.